‘రోజుకు రెండే కదా’ అంటున్నాడు

ప్రశ్న: మాది గురజాల. అబ్బాయి నరసరావుపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. సిగరెట్లు తాగుతున్నాడు. అడిగితే ‘రోజుకు రెండే, టెన్షన్ తగ్గుతుంది’ అంటాడు. ఏం చేయాలి?

జవాబు: రెండే కదా అని ఊరుకోకండమ్మా. మెదడు దాదాపు 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆలోపు అంటుకున్న నికోటిన్ ఒక పట్టాన వదలదు. అతను టెన్షన్ అనుకునేదాంట్లో చాలావరకు నికోటిన్ అందక పుట్టే చిరాకే. ఇంకోటి వెలిగిస్తే కాసేపు సర్దుకుంటుంది, కాసేపటికి మళ్లీ మొదలు. ఊపిరితిత్తుల ఎదుగుదలా కుంటుపడుతుంది. మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడేమో చూడండి.

‘బీడీ అయితే ఆకే కదా’ అని పల్లెల్లో పెద్దవాళ్లే అంటుంటారు. అది శుద్ధ తప్పు. ఆరిపోకుండా ఉండాలంటే బీడీని మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. దాంతో తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇంకా ఎక్కువ లోపలికి పోతాయి.

కొట్టకండి, నలుగురిలో పరువు తీయకండి. మానేశాక మొదటి మూడు రోజులే మహా కష్టం, ఆ రోజుల్లో ఇంటికి పిలిపించుకోండి. రెండు నుంచి నాలుగు వారాల్లో చిరాకు తగ్గుతుంది. పొగ మానేందుకు సాయపడే ఉచిత క్విట్‌లైన్ 1800 11 2356కు అతని చేతే ఫోన్ చేయించండి. 18 ఏళ్లు నిండనివారికి సిగరెట్లు అమ్మడం, కాలేజీకి 100 గజాల లోపు అమ్మడం 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం నేరం. దగ్గర్లో బడ్డీకొట్టు ఉంటే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.