వెల్లకిలా పడిన సాలెపురుగు చచ్చినట్లేనా?

కుక్కను, చిలుకను పెంచుకునేవారిని మీరెరుగుదురు. అమెరికా, ఐరోపా దేశాలలో అరచేతంత సాలెపురుగును గాజుపెట్టెలో పెంచుకునేవారు కూడా ఉన్నారు! అలా పెంచేవాటిలో పేరుపడ్డది మెక్సికో ఎర్రమోకాళ్ల టరాంటులా. నల్లని ఒళ్లు, కాళ్ల కీళ్ల దగ్గర నిప్పుకణికల వంటి నారింజరంగు పట్టీలు. కాళ్లు చాపితే 14, 15 సెంటీమీటర్లుంటుంది. మెక్సికోలో పసిఫిక్ తీరపు అడవులు దీని స్వస్థలం.

ఇది మన ఇంటి సాలీడులా గూడు అల్లి ఈగ కోసం కాచుకోదు. నేలమీది ప్రాణి. పగలు బొరియలో ఉండి, రాత్రి ఆ ముఖద్వారం దగ్గర కూర్చుని అటుగా వచ్చిన పురుగును పట్టుకుంటుంది. అందుచేత దీనికి ఎత్తైన పెట్టె పనికిరాదు. కొద్ది ఎత్తునుంచి పడినా పలుచని ఉదరం పగిలి చచ్చిపోవచ్చు. అడుగున మందంగా పొడిమట్టి, దాక్కోవడానికొక పెంకు, మూకుడులో కాసిని నీళ్లు, వారానికొకటో రెండో కీచురాళ్లు. ఇంతే. ముద్దుచేద్దామని చేతిలోకి తీసుకుంటే మాత్రం వెనుక కాళ్లతో ఉదరంమీది నూగు దులుపుతుంది. దూలగొండి తగిలినట్లే! కంట్లో పడితే మరీ ప్రమాదం.

ఇక అసలు సంగతి. కొన్ని వారాలు తిండి మానేసి, ఒకనాడు అది వెల్లకిలా పడి ఉంటుంది. చచ్చిందనుకుని పారేసే కొత్తవారున్నారు. తొందరపడక దాని కాళ్లు చూడాలి. మన మోకాలిని మడవడానికి కొన్ని కండరాలు, చాపడానికి వేరే కండరాలు ఉన్నాయి గదా? సాలెపురుగు కాళ్లలో ముఖ్యమైన కీళ్ల దగ్గర మడిచే కండరాలే ఉన్నాయి, చాపేవి లేవు. అది రక్తాన్ని ఒత్తిడితో కాళ్లలోకి నెడుతుంది. నీళ్లు వదిలిన రబ్బరుగొట్టం బిగిసినట్లు కాళ్లు చాచుకుంటాయి. ప్రాణం పోతే ఒత్తిడీ పోతుంది, కాళ్లు లోపలికి ముడుచుకుంటాయి. మీ ఇంటి మూలల్లో చచ్చిన సాలీళ్లను చూడండి, తెలుస్తుంది.

వెల్లకిలా పడి కాళ్లు చాచి ఉంటే అది పాములాగా కుబుసం విడుస్తున్నదన్నమాట. దీనికి కొన్ని గంటలు పడుతుంది. ముట్టుకోరాదు. కోరలు గట్టిపడేదాకా, అంటే వారం పదిరోజులు, తిండి వేయరాదు. ఒళ్లు మెత్తగా ఉన్న ఆ రోజుల్లో కీచురాయే దాన్ని కొరికి చంపగలదు!

ఆడది ఇలా కుబుసాలు విడుస్తూ పాతికేళ్లు దాటి బతుకుతుంది. అయితే ఎదగడానికి చాలా ఏళ్లు పడుతుంది గనుక, వ్యాపారులు అడవిలో పట్టుకుపోయిన వాటి లోటు త్వరగా పూడదు. అందుకే 1985లో దీని అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతిపత్రం తప్పనిసరి చేశారు.

మన గుత్తి పేరుతో ఒక నీలిరంగు టరాంటులా ఉంది. అది చెట్టుతొర్రల్లో ఉండే రకం. గుత్తిలో దొరికినదాన్ని చూసి 1899లో శాస్త్రజ్ఞులు వర్ణించారు. మళ్లీ 2001లో గాని, నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో, వారికది కనబడలేదు. విదేశాల గాజుపెట్టెల్లో మాత్రం ఇప్పుడు బోలెడున్నాయి.