లారీ తోలడమంటే

“బుద్ధిగా చదువుకో, లేకపోతే లారీ తోలుకోవాల్సి వస్తుంది.” ఇంట్లో ఈ మాట విననివాళ్లు మనలో తక్కువ. ఉక్కు కర్మాగారంలో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి భిలాయి వచ్చి స్థిరపడిన మన ఇళ్లలో మరీ ఎక్కువ. అయితే లారీ తోలడానికి ఏం తెలియాలో మాత్రం ఎవరూ చెప్పరు. వ్లదీమిర్ చాగిన్ కథలో అది కొంత తెలుస్తుంది.

మన కర్మాగారం సోవియట్ సహాయంతో వచ్చిందని, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారని పాఠాల్లో చదివాం. అదే దేశంలో కామా నది ఒడ్డున కట్టిన మరో పెద్ద కర్మాగారం కామాజ్. 1976లో అక్కడినుంచి మొదటి ట్రక్కు బయటికొచ్చింది. ఆ కర్మాగారపు పందెం జట్టులో చాగిన్ ఎదిగాడు. ఆయన 1970లో పుట్టాడు.

వాళ్లు పోటీపడింది డకార్ ర్యాలీలో. అక్కడ రోడ్డుండదు. ఇసుక తిన్నెలు, రాళ్లు, ఎండిన వాగులు. రోజుకు వందల కిలోమీటర్లు, రెండు వారాలకు పైగా.

ఇసుకలో బరువైన బండి ఎందుకు దిగబడదు? శివనాథ్ నది ఇసుకలో మడమ మీద నిలబడితే కాలు దిగిపోతుంది. పాదమంతా ఆనిస్తే అంతగా దిగదు. టైరూ అంతే. గాలి తగ్గిస్తే అది చదునై ఎక్కువ నేలను తాకుతుంది, బరువు పరుచుకుంటుంది. కానీ అదే మెత్తటి టైరుతో రాళ్లమీదికి వెళ్తే అంచులు కోసుకుపోతాయి. అందుకే మళ్లీ గాలి నింపాలి. ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ నింపాలో చూసి తెలుసుకోవాలి. మన భౌతికశాస్త్రంలోని పీడనం పాఠమే ఇది, పరీక్ష మాత్రం వేరు!

ట్రక్కులో ముగ్గురుంటారు. ఒకరు నడుపుతారు, ఒకరు దారి చెబుతారు, ఒకరు మెకానిక్. పేపర్లో మాత్రం పేరు ఒక్కరిదే పెద్దగా పడుతుంది. అది మనకు న్యాయంగా తోచలేదు.

చాగిన్ మొదటిసారి గెలిచింది 2000లో. ఆ ఏడు పందెం డకార్ నుంచి కైరో దాకా. దాడుల భయం వల్ల మధ్యలో వాహనాలన్నిటినీ విమానాల్లో నైజర్ నుంచి లిబియాకు చేర్చారు. తరువాత 2002, 2003, 2004, 2006 సంవత్సరాల్లోనూ ఆయనే. 2009లో పందెం దక్షిణ అమెరికాకు మారింది. అప్పుడు సొంత జట్టువాడైన ఫిర్దౌస్ కబీరోవ్ మొదటివాడు, చాగిన్ రెండోవాడు. 2010, 2011లో మళ్లీ చాగిన్ గెలిచాడు. మొత్తం ఏడు విజయాలు, 63 దశల్లో మొదటి స్థానం. అభిమానులు ఆయన్ని ‘జార్’ అన్నారు.

ఏడో విజయం తరువాత ఆయన పోటీ మానేసి, జట్టు బాధ్యత తీసుకున్నాడు. 2013లో కామాజ్ ట్రక్కులు మళ్లీ గెలిచాయి. అప్పుడు స్టీరింగు ముందున్నవాడు ఎడువార్డ్ నికొలాయెవ్.