ఏడాదికి ఒక్క ఈత

జర్మన్ షెపర్డ్‌లూ లాబ్రడార్‌లూ మా ఇంటి వెనక వరండాలో ఈనడం మొదలై దశాబ్దాలు దాటింది. ఎప్పుడూ రెండు మూడు ఆడకుక్కలకు మించి పెట్టుకోలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది: "పెదనాన్నా, ఈ రూల్సన్నీ వ్యాపారం చేసేవాళ్లకు కదా, ఇష్టం కొద్దీ పెంచుకునే మనకెందుకు?" వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

1. మన ఇష్టంతో చట్టానికి సంబంధం లేదు. కేంద్రం 2017లో కుక్కల పెంపకం, విక్రయాల మీద నియమాలు తెచ్చింది. జాతికుక్కలను పెట్టుకుని పిల్లలను అమ్మే ప్రతివాడూ ఆ నియమాల ప్రకారం పెంపకందారుడే. ఇంట్లో రెండు కుక్కలున్న పంతులమ్మా, రేకుల షెడ్డులో నలభై పంజరాలు పేర్చినవాడూ ఒకే లెక్కలోకి వస్తారు. ఇద్దరూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి, 5,000 రూపాయల ఫీజు కట్టాలి, తనిఖీకి ఒప్పుకోవాలి. సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది. మునిసిపాలిటీ పెంపుడు కుక్క లైసెన్సు దీనికి అదనం. ఏడాదికి ఒక్క ఈత తీసేవాడికి ఇది బరువే. అయినా నమోదు చేసుకోండి. రేపు మన తరఫున మాట్లాడాలంటే ముందు మనం లెక్కలో ఉండాలి.

2. ఆడకుక్క గురించి రాసిన నియమాల్లో నాకు ఒక్క అక్షరం మీద కూడా అభ్యంతరం లేదు. 18 నెలలు నిండకుండా కట్టించకూడదు. ఏడాదికి ఒక్కసారే. జీవితం మొత్తంలో ఐదు ఈతలకు మించకూడదు, ఎనిమిదేళ్లు దాటాక అసలే వద్దు. కుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది. ఎదకొచ్చిన ప్రతిసారీ కట్టించేవాడు దాని ఒంట్లో ఏం జరుగుతుందో చూడడు. పిల్లలకు ఐదో వారం వచ్చేసరికి తల్లిని ఒకసారి తడిమి చూడండి. బొచ్చు గుప్పెళ్లకొద్దీ చేతికొస్తుంది, పక్కటెముకలు వేళ్లకు తగులుతాయి. పాలు తాగుతూ పిల్లలు గోళ్లతో తొక్కిన చోటల్లా పొట్ట మీద ఎర్రటి గీతలుంటాయి. వారం వారం పిల్లల గోళ్లు కత్తిరించేది అందుకే. ఆ తల్లి మళ్లీ నిండుగా బొచ్చు పట్టి, ఒళ్లు చేసి, గేటు దగ్గరికి ఉరికి మొరగడానికి నెలలు పడుతుంది. ఆ నెలలు దానివి. వాటి మీద మనకు హక్కు లేదు.

3. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. కొనేవాళ్లలో చాలామందికి ఇది నచ్చదు. "నెల పిల్లయితే ముద్దుగా ఉంటుందండీ, మా పాప ఒళ్లో పెట్టుకుంటుంది" అంటారు. అయిదారు వారాల పిల్ల తోబుట్టువును గట్టిగా కొరికితే అది కుయ్యిమని ఆట మానేస్తుంది, తల్లిని కొరికితే తల్లి గుర్రుమంటుంది. ఎంత బలంగా పళ్లు దించాలో కుక్క నేర్చుకునేది అప్పుడే. ఆ చదువు పూర్తికాకుండా ఇంటికొచ్చిన పిల్ల రేపు ఆ పాప చేతినే కొరికితే, కరిచే కుక్క అని పేరు పెట్టి రోడ్డు మీద వదిలేస్తారు. డబ్బు సంగతీ చెబుతాను. ఐదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా పిల్లలు రోజుకు నాలుగు పూటలు తింటాయి, నట్టల మందు, మొదటి టీకా కూడా ఆ రోజుల్లోనే పడతాయి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే పంజరాలవాడు నెలకే తోసేస్తాడు. నిలబెట్టుకుని సాకినవాడి పిల్ల ధర ఎక్కువ ఉండేది అందుకని.

4. తనిఖీలు, నోటీసులు కనిపించేవాడి గుమ్మానికే వస్తాయి. అర్జీ పెట్టుకున్నవాడి చిరునామా ఫైల్లో ఉంటుంది. సంతలో అట్టపెట్టెలో పిల్లలను పెట్టుకుని అమ్మేవాడికీ, ఫోన్లో ఫొటోలు పంపి బస్సులో పార్సిల్ వేసేవాడికీ చిరునామాయే ఉండదు. పైగా ఈ నియమాలకు మూలమైన చట్టం 1960 నాటిది. మూగజీవిని హింసించినట్టు మొదటిసారి రుజువైతే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. నిజాయతీగా నమోదు చేసుకున్నవాడు 5,000 కడితే, కుక్కను చిత్రహింస పెట్టినవాడు 50తో బయటపడుతున్నాడు. ఇది అన్యాయం. ముందు దిద్దాల్సింది దీన్ని.

5. జాతి పేరు చూసి వేసే నిషేధాన్ని నేను ఒప్పుకోను. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. ఇరవైకి పైగా జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలనీ, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలనీ చెప్పింది. పిట్‌బుల్, రాట్‌వీలర్‌లతో పాటు ఆ జాబితాలో 'టెరియర్లు' అని ఒక్క ముక్క ఉంది. ఒళ్లో ఇమిడిపోయే యార్క్‌షైర్ టెరియర్ కూడా టెరియరే కదా! జపాను తోసా పేరయితే రెండు చోట్ల వచ్చింది. రాట్‌వీలర్లు పెంచే మిత్రులు ఆ వారమంతా నిద్రపోలేదు. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు, సంబంధం ఉన్నవాళ్లను సంప్రదించలేదని ఆ లేఖను కొట్టేసింది. అదే నెలలో ఢిల్లీ హైకోర్టు కూడా పక్కన పెట్టి, ప్రజల అభిప్రాయం విని నిర్ణయించమంది. కుక్క కాటుకు పసివాళ్లు బలైన ఇళ్ల దుఃఖం నాకు తెలియనిది కాదు. 2023లో హైదరాబాద్ అంబర్‌పేటలో ఒక బాబును పొట్టన పెట్టుకున్నవి వీధికుక్కలు. జాతుల జాబితా రాసినంత మాత్రాన అలాంటి చావులు ఆగవు. కుక్కను గొలుసుకు కట్టి, మనుషుల మధ్య తిప్పకుండా, కసి ఎక్కించి పెంచేవాడిని బాధ్యుణ్ని చేసే చట్టం కావాలి.

6. నోటుబుక్కు పెట్టండి. కట్టించిన తేదీ, ఈనిన తేదీ, ఒక్కో పిల్ల బరువు, టీకాలు, మైక్రోచిప్ నంబరు, ఎవరింటికి వెళ్లిందో, చనిపోతే ఎందుకో రాయండి. తనిఖీకొచ్చిన డాక్టరు ముందు మన మాట కన్నా అదే బాగా పనిచేస్తుంది.

7. కొనేవాళ్లకు ఒక్క విన్నపం. చట్టాన్ని నిజంగా అమలు చేయగలిగింది మీరే. పిల్లతో పాటు తల్లిని చూపించమనండి. నమోదు సర్టిఫికెట్, టీకా కార్డు, చిప్ నంబరు అడగండి. తల్లిని చూపించనివాడి దగ్గర, ఎనిమిది వారాలు ఆగనన్నవాడి దగ్గర, ఎంత చవకైనా సరే, దయచేసి కొనకండి.