పతకము వెనుక మనిషి

యౌవనారంభంలో ప్రతి వ్యక్తినీ వేధించే ప్రశ్న 'నేనెవరిని?' అన్నది. ఆ దశకు ప్రధానమైన సంఘర్షణ ఇదేనని మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ ఎరిక్సన్ ప్రతిపాదించాడు. ఆయన భావాన్ని విస్తరించిన జేమ్స్ మార్షియా 1966లో ఒక విచిత్రమైన స్థితిని వర్ణించాడు. కొందరు యువకులు వెదకకుండానే జవాబు చెప్పివేస్తారు. పెద్దలు చూపిన బాటనే తమదిగా స్వీకరించి, మరొక బాట ఉన్నదన్న ఊహనైనా దరికి రానివ్వరు. పైకి వీరు నిశ్చింతగా, క్రమశిక్షణ గలవారుగా కనిపిస్తారు. చిక్కంతా అక్కడే ఉన్నది.

ప్రతిభాన్వేషణ పథకాలలో ఈ స్థితి సులభంగా ఏర్పడుతుంది. మన హకీంపేట క్రీడా పాఠశాలకు బాలబాలికలను నాలుగవ తరగతిలోనే ఎంపిక చేస్తారు. శరీరం లేతగా ఉన్నపుడే శిక్షణ మొదలు కావాలన్న వాదం కాదనలేనిది. అయితే అంత చిన్న వయస్సులో ఇల్లు విడిచిన బిడ్డకు దినచర్య, స్నేహం, మెప్పు సమస్తమూ ఆట ద్వారానే లభిస్తాయి. సెలవులకు ఇంటికి వస్తే బంధువులు సైతం "ఎన్ని పతకాలు వచ్చాయి?" అంటారే గాని "ఎలా ఉన్నావు?" అని అడగరు. (ర్యాంకులు తెచ్చుకొనే విద్యార్థులకు ఈ బాధ కొత్త కాదు.) క్రమంగా ఆట ఆ బిడ్డ చేసే పనిగా గాక, ఆ బిడ్డ పేరుగానే మారిపోతుంది. అటువంటివారికి మోకాలి గాయం మోకాలితో ఆగదు.

ఓటమి కుంగదీస్తుందని ఎవరైనా ఊహించగలరు. గెలుపు సంగతి అంతగా ఊహకందదు. 17 ఏళ్ళకే సిడ్నీ ఒలింపిక్స్‌లో పాల్గొన్న అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో భారతదేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చాడు. ఆ తరువాత తనను గాఢమైన శూన్యం ఆవరించిందని ఆయనే చెప్పాడు. ఏళ్ళ తరబడి సాగిన లక్ష్యం తీరిపోగా, మరునాడు లేచి చేయవలసినదేమిటో తోచలేదు. అదే బీజింగ్‌లో ఎనిమిది స్వర్ణాలు గెలిచిన అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్, తనను తాను ఈతగాడిగానే తప్ప మనిషిగా చూసుకోలేదని, 2012 లండన్ క్రీడల అనంతరం బ్రతకాలన్న కోరికే నశించిందని బహిరంగంగా వెల్లడించాడు.

ఇటువంటివారిని 'మనోబలం లేనివారు' అనడం మనకు అలవాటు. ఈ మాటను నేను అంగీకరించలేను. 2021లో టోక్యోలో జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ గాలిలో తన శరీరం ఎటు తిరుగుతున్నదో తెలియక జట్టు పోటీ నుండి తప్పుకొన్నపుడు ఎందరో ఆమెను నిందించారు. మెడ విరిగే ప్రమాదాన్ని గుర్తించి, అందరి ఎదుట 'నా వల్ల కాదు' అనడానికి ఎంత బలం కావాలి! 2024 పారిస్‌లో ఆమె మూడు స్వర్ణాలతో తిరిగి వచ్చింది.

మన విద్యార్థులలో ఎందరు ఆ మాట అనగలరు? అంటే జట్టులో చోటు పోతుందన్న భయం వారిని మూగవారిని చేస్తున్నది. అందుచేత క్రీడాకారుల కష్టం వినడానికి నియమించే సలహాదారు, జట్టును ఎంపిక చేసే సంఘంలో సభ్యుడు కారాదు. విన్న మాట ఆ సంఘం చెవికి చేరనూరాదు. ఈ ఏర్పాటుకు పెద్ద నిధులేమీ అక్కరలేదు, ఒక గది చాలు.