అప్పు తీసుకొనువారికి రక్షణ: సంఘములు సాధించినదేమి?



విత్తనము కొనునపుడు మొలకశాతము అడిగెదరు. ఎరువు బస్తా కొనునపుడు తూకము చూచెదరు. అప్పు తీసుకొనునపుడు మాత్రము "వారమునకు ఎంత కట్టవలెను?" అని మాత్రమే అడిగి సంతకము చేసెదరు. ఈ అలవాటు వలన తెలుగునాట కలిగిన నష్టమును, దాని నుండి పుట్టిన నిబంధనలను ఇచట వివరించుచున్నాము.

ముందుగా ఒక లెక్క చూడుడు. రూ. 10,000 అప్పునకు వారమునకు రూ. 230 చొప్పున 50 వారములు కట్టవలెనన్నారనుకొనుడు. మొత్తము రూ. 11,500. వడ్డీ నూటికి 15 అని తోచును. కాని అసలు ప్రతి వారము తరుగుచుండును. సగటున మీ చేతిలో నుండునది ఇంచుమించు సగము సొమ్మే. కావున నిజమైన వడ్డీ సాలుకు రమారమి 29 శాతము!

దీనికి తోడు ఉమ్మడి పూచీ పద్ధతి కలదు. ఒకరు కట్టలేనిచో మిగిలిన సభ్యులు కట్టవలెను. అండగా నిలువవలసిన ఇరుగుపొరుగువారే వాకిట కూర్చుండి నిలదీసిరి. కంచే చేను మేసినట్లయినది.

2006లో కృష్ణా జిల్లాలో ఫిర్యాదులు రాగా అధికారులు సూక్ష్మఋణ సంస్థల శాఖలు దాదాపు 50 మూయించిరి. ఆ హెచ్చరిక చాలలేదు. 2010 నాటికి ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేసిన కుటుంబములు ఎన్నో. ఆత్మహత్యల వార్తలు వచ్చినవి. మహిళా సంఘములు, హక్కుల సంఘములు బాధితుల గోడు వెలికితెచ్చినవి, పత్రికలు ప్రకటించినవి. 2010 అక్టోబరులో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. అదియే 2011లో చట్టమైనది. రిజర్వు బ్యాంకు నియమించిన మాలెగాం ఉపసంఘము 2011 జనవరిలో నివేదిక ఇచ్చినది. ఆ సంవత్సరమే ఈ సంస్థలకు ప్రత్యేక నియమములు ఏర్పడినవి.

అయితే దీనికి రెండవ వైపు కూడ కలదు. వాయిదాల చెల్లింపు కుంటుపడగా సంస్థలు కొత్త అప్పులిచ్చుట మానినవి. కొందరు మరల వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసి వచ్చినది. రక్షణయు కావలెను, అప్పు పుట్టు దారియు మూతపడరాదు.

2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు ఈ రాష్ట్ర చట్టము వర్తించదని తీర్పు చెప్పినది. కావున రిజర్వు బ్యాంకు 2022లో చేసిన నిబంధనలను మీరు ముఖ్యముగా తెలిసికొనవలెను. అవి ఇవి:

1. సాలుకు రూ. 3 లక్షల లోపు ఆదాయము గల కుటుంబమునకు తాకట్టు లేకుండ ఇచ్చునది సూక్ష్మఋణము.

2. ఆ కుటుంబపు అన్ని అప్పుల వాయిదాలు కలిపి నెలసరి ఆదాయములో సగము మించరాదు.

3. వడ్డీ, రుసుములు అన్నియు చూపు వివరపత్రము ఇవ్వవలెను. ముందుగా తీర్చినచో జరిమానా ఉండరాదు.

4. ఉదయము 9 గంటలకు ముందు, సాయంత్రము 6 గంటల తరువాత వసూలుకు రారాదు. తిట్టుట, బెదరించుట, బంధువులను వేధించుట, పేర్లు బయటపెట్టుట నిషేధము.

ఈ నిబంధనలు కాగితముపై నున్నంత మాత్రమున పని చేయవు. కనుక మీ సంఘ సమావేశములో వివరపత్రమును బిగ్గరగా చదివించుడు. ప్రతి వాయిదాకు రసీదు తీసికొనుడు. బెదిరింపు జరిగినచో తేదీ, వేళ, అన్న మాటలు వ్రాసియుంచుడు. ముందుగా ఆ సంస్థకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయుడు. 30 దినములలో న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయుడు, రుసుము లేదు. వివరములకు 14448 నంబరునకు ఫోను చేయవచ్చును.

ఒక్కరు మొరపెట్టినచో "ఆమె కట్టలేక చెప్పుచున్నది" అందురు. పదిమంది కాగితములతో వచ్చినచో వినక తప్పదు. కట్టలేని పొరుగామె వాకిట కూర్చుండుటకు కాక, ఆమె ప్రక్కన నిలుచుటకు మీ సంఘము ఉపయోగపడవలెను.