వ్యాధి కారణాల పొత్తు: నల్లగొండ నీళ్లు చెప్పే పాఠం

ఎల్.బి. నగర్ చౌరస్తా నుంచి ఒక రోడ్డు విజయవాడ వైపు, మరొకటి నాగార్జునసాగర్ వైపు వెళ్తాయి. రెండూ నల్లగొండ ప్రాంతం గుండా పోయేవే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునే మిత్రుల్లో ఆ దారుల వెంట వచ్చినవారు ఎందరో. 2004 నుంచి కృష్ణా నీళ్లు కూడా ఆ దిక్కు నుంచే, కోదండాపూర్ శుద్ధి కేంద్రం మీదుగా మన పక్కనున్న సాహెబ్‌నగర్‌కు వస్తున్నాయి. ఆ నీళ్లు దాటి వచ్చే జిల్లాలోనే తరాల తరబడి జనం ఫ్లోరైడ్ నిండిన బావి నీళ్లు, బోరు నీళ్లు తాగి ఫ్లోరోసిస్ పాలయ్యారు.

ఇక్కడొక ప్రశ్న ఉంది. ఒకే రకం నీళ్లు తాగినా ఒకరికి పళ్ల మీద మరకలతో సరిపోతుంది. మరొకరికి వెన్నెముక బిగుసుకుపోతుంది. కారణం నీళ్లే అయితే అందరికీ ఒకేలా ఎందుకు రాలేదు?

ఒక్క కారణంతో సరిపోలేదు

1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని చూపించాక ‘ఒక జబ్బుకు ఒక కారణం’ అన్న భావన వైద్యంలో బలంగా నాటుకుంది. కాని క్రిమి సోకిన ప్రతివారికీ క్షయ రాదు కదా! ఫ్లోరోసిస్ విషయంలోనూ ఇదే జరిగింది. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రంలోని ఎముకల ఫ్లోరోసిస్‌ను వర్ణించారు. 1940లో పండిట్ బృందం నీటితోపాటు తిండిని, ముఖ్యంగా సి విటమిన్‌ను కూడా లెక్కలోకి తెచ్చింది. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

1973లో మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఒక కొత్త రూపాన్ని లాన్సెట్ పత్రికలో బయటపెట్టారు. ఎదిగే వయసు వారిలో మోకాళ్లు లోపలికి వంగి, పాదాలు ఎడమైపోతున్నాయి. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక భూగర్భ జలమట్టం పెరిగింది. దానివల్ల మట్టి గుణం మారి, జొన్నల్లో మాలిబ్డినం పెరిగి, శరీరంలో రాగి నిలవక ఎముకలు బలహీనపడి ఉంటాయని ఆ పరిశోధకులు ఊహించారు. అంటే ఫ్లోరైడ్, జొన్న, మట్టి, వయసు అన్నీ కలిసి చేసిన పని ఇది.

వాటాలు పంచగలమా?

ఇలాంటి పొత్తును ఎలా అర్థం చేసుకోవాలి? 1933లో లాన్సలాట్ హాగ్బెన్ కోళ్ల ఉదాహరణ ఇచ్చాడు. ఒక జాతి కోళ్లకు పచ్చ మొక్కజొన్న పెడితేనే కాళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. అన్ని జాతుల కోళ్లకూ పచ్చ మొక్కజొన్నే పెట్టే రైతు “ఇది జాతి గుణం” అంటాడు. ఆ ఒక్క జాతినే పెంచుతూ కొన్నిటికి పచ్చవి, కొన్నిటికి తెల్లవి వేసే రైతు “ఇది మేత గుణం” అంటాడు. ఇద్దరూ చూసింది నిజమే, చెప్పింది మాత్రం సగమే.

1960లో మాక్‌మాన్, ఆయన సహచరులు కారణాలను సాలెగూడుతో పోల్చారు. 1976లో కెనెత్ రాత్‌మన్ మరింత సులువైన బొమ్మ గీశాడు. గుండ్రటి రొట్టెలో ఒక్కో ముక్క ఒక్కో కారణం. అన్ని ముక్కలూ చేరితేనే జబ్బు. ఒక్కటి తీసేసినా ఆ రొట్టె పూర్తి కాదు.

ఒక లెక్క చూద్దాం. ఆస్‌బెస్టాస్ కార్మికుల మీద హామండ్, సెలికాఫ్, సీడ్‌మన్ 1979లో ప్రచురించిన అధ్యయనంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాల నిష్పత్తి ఇలా ఉంది: రెండు అలవాట్లూ లేనివారికి, అంటే పొగా ఆస్‌బెస్టాస్ ధూళీ తగలనివారికి 1, ఆస్‌బెస్టాస్ ఒక్కటే తగిలితే 5, పొగ ఒక్కటే అయితే 11, రెండూ కలిస్తే 53. పొగ మానితే 53లో 48 తగ్గుతాయి, అంటే సుమారు 91 శాతం. ఆస్‌బెస్టాస్ లేకుంటే 42 తగ్గుతాయి, అంటే సుమారు 79 శాతం. రెండూ కూడితే 170 శాతం! లెక్క తప్పలేదు. రెండు కారణాలూ కలిసి తెచ్చిన మరణాలను రెండు వైపులా లెక్కించాం, అంతే. కనుక ‘ఏ కారణం వాటా ఎంత?’ అని వంద శాతంలో పంచబోవడమే పొరపాటు. ఇలాంటి పొత్తును కూడికతో కొలవాలా, గుణకారంతో కొలవాలా అన్న వాదన 1970ల నుంచీ సాగింది.

దీనివల్ల మనకేమిటి?

ఫ్లోరోసిస్‌లో పోషకాహార లోపం కూడా ఒక ముక్క అని తెలిసినప్పుడు, “పేదల తిండి సరిగా లేదు, నీళ్ల తప్పు కాదు” అని తప్పించుకునే వీలుంది. ఆ మాట చెల్లదు. తిండి ముక్కలు మనిషికీ మనిషికీ మారవచ్చు గాని, ఫ్లోరైడ్ ముక్క లేని ఫ్లోరోసిస్ రొట్టె ఒక్కటీ లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటని నీళ్లు అందిస్తే అన్ని రొట్టెలూ విరిగిపోతాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు వచ్చింది ఈ ప్రయత్నంలోనే. అయితే మంచి నీళ్లు వచ్చేదాకా పిల్లలకు పాలు, ఆకుకూరలు, పండ్లు అందించడం కూడా వృథా కాదు, ఎందుకంటే అదీ ఒక ముక్కను తీసేయడమే.

రేపు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా, అధికారులుగా వెళ్లే మనం ఒక జబ్బును చూసినప్పుడు ‘ఎవరిది ఎంత తప్పు?’ అన్న ప్రశ్న దగ్గరే ఆగకూడదు. ‘ఇందులో ఏ ముక్కను మనం ముందుగా తీసేయగలం?’ అని కూడా అడగాలి.