స్టీరింగ్ వణికితే వెంటనే టైరు కొనకండి

దళితబంధు కింద గూడ్స్ బండి తీసుకున్న లబ్ధిదారులకు, ఆ బండి నడిపే ఇంటివారికి

దళితబంధు 2021 ఆగస్టు 16న హుజూరాబాద్‌లో మొదలైంది. ఆ తర్వాత టాటా ఏస్ ట్రాలీలు, బొలెరో పికప్‌లు తీసుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు కలిసి డీసీఎం తీసుకున్నవారూ ఉన్నారు. మొదట్లో తీసుకున్న బండ్లకు కంపెనీ నుంచి వచ్చిన టైర్లు ఈపాటికే అరిగిపోయి ఉంటాయి, లేదంటే అరుగుతూ ఉంటాయి. పథకం కింద ఇచ్చిన 10 లక్షల రూపాయలు ఒక్కసారి ఇచ్చే సాయం. తిరిగి కట్టేది లేదు, అట్లాగే టైర్లకని మళ్లీ ఇచ్చేదీ లేదు. ఇకమీదట ప్రతి టైరూ మీ కిరాయి డబ్బుల్లోంచే రావాలి.

లబ్ధిదారుల సమావేశాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. "అన్నా, స్టీరింగ్ కొట్టుకుంటుంది" అని షాపుకు పోతే "ముందల రెండు కొత్తయి ఏసుకో తమ్మీ, పోతది" అంటారు. రెండు టైర్లు వేస్తారు. నెల రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. వణుకైనా, ఒకపక్క అరుగుదలైనా జ్వరం లాంటిది. జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా గోలీ వేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. కారణం బండిలోనే ఉంటే కొత్త టైరు కూడా పాతదానిలాగే అరుగుతుంది.

ముందు నట్లు, తర్వాత బురద

పంచర్ వేయించుకుని బయల్దేరిన కాసేపటికే వణుకు మొదలైందా? బండి పక్కకు ఆపండి. చక్రం నట్లు వదులుగా ఉన్నాయేమో చూడండి. ఇది ఇంటికి పోయాక చూసుకునే పని కాదు, చక్రమే ఊడిపోయే ప్రమాదం. నట్లు వరసగా ఒకదాని పక్కన ఒకటి బిగిస్తే చక్రం ఒకవైపు ఒరిగి కూర్చుంటుంది. ఒకటి బిగించాక దాని ఎదురుది, ఆ తర్వాత ఇంకో జత, ఇట్లా బిగించాలి. చక్రం తీసి వేసిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి బిగింపు చూడాలి. నట్లు వదులుగా ఉండగానే బండి దూరం నడిచి ఉంటే రిమ్ముకున్న రంధ్రాలు సాగి ఉంటాయి. అప్పుడు ఎంత బిగించినా ఆ రిమ్ము పనికిరాదు.

నట్లు బాగుంటే రిమ్ము లోపలివైపు చూడండి. వడ్ల సీజన్లో పొలం గట్టు దాకా పోయిన బండికి నల్లరేగడి బురద రిమ్ము లోపల పట్టుకుని, ఎండి, రాయిలా గట్టిపడుతుంది. బయటి నుంచి కనిపించదు. నీళ్లు కొట్టి, పుల్లతో గీకి కడిగాక బండి నడిపి చూడండి. వణుకు పోయిందంటే మీకైన ఖర్చు బకెట్ నీళ్లు.

ఆ కాస్త బురదకే ఇంత వణుకా అనిపించొచ్చు. లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో టాటా ఏస్ చక్రం సెకనుకు దాదాపు పది చుట్లు తిరుగుతుంది. రిమ్ము అంచున 50 గ్రాముల బరువు ఎక్కువగా ఉంటే అది దాదాపు 3 కిలోల బలంతో చక్రాన్ని లాగుతుంది, అదీ సెకనుకు పదిసార్లు. వేగం సగమైతే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఊళ్లో తిరిగేటప్పుడు ఏమీ తెలియదు, రాజీవ్ రహదారి ఎక్కగానే స్టీరింగ్ చేతిలో ఆడుతుంది.

వణుకు ఎప్పుడు, ఎక్కడ?

మెకానిక్ దగ్గరికి పోయే ముందు ఈ సంగతి గమనించి పెట్టుకోండి. "వణుకుతుంది" అని మాత్రమే చెబితే ఆయన ఊహించి విప్పుతాడు, విప్పినదానికల్లా మీరు డబ్బు కడతారు.

ఒక వేగంలో మొదలై, ఇంకా పెంచితే తగ్గుతుంటే ఎక్కువసార్లు అది బ్యాలెన్సింగ్ లోపమే. 20, 30 వేగంలోనే చక్రం ఎగిరెగిరి పడుతున్నట్టుంటే రిమ్ము వంగి ఉండొచ్చు, టైరు రిమ్ము మీద సరిగా కూర్చోకపోయి ఉండొచ్చు, లేదా టైరు లోపలి పొరలు విడిపోతూ ఉండొచ్చు. బ్రేకు తొక్కినప్పుడే వస్తుంటే బ్రేకు డ్రమ్ము గుండ్రం తప్పిందేమో చూపించండి, టైరు జోలికి పోవద్దు. లోడుతో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కింద నుంచి వస్తుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్ వైపు చూడాలి.

ఇంకో గుర్తు. స్టీరింగ్‌లో తెలిస్తే సాధారణంగా ముందు చక్రాలు. సీటులో, క్యాబిన్ అంతటా తెలిస్తే వెనకవి.

టైరు పక్కగోడ మీద గానీ, గీతల మీద గానీ ఉబ్బు కనిపిస్తే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. స్టెప్నీ వేసుకోండి. ఆ టైరుకు బ్యాలెన్సింగ్ చేయించడం దండగ, దానిమీద లోడు వేయడం ప్రాణాలకే ముప్పు.

బ్యాలెన్సింగ్ వేరు, అలైన్‌మెంట్ వేరు

రెండూ ఒకే షాపులో చేస్తారు కాబట్టి చాలామంది ఒకటే అనుకుంటారు. బ్యాలెన్సింగ్ అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉందో లేదో మెషిన్ మీద తిప్పి చూసి, తక్కువ ఉన్నచోట సీసం లేదా ఇనుప ముక్క పెట్టడం. అలైన్‌మెంట్ అంటే చక్రాలు ఉండాల్సిన కోణంలో ఉన్నాయో లేదో చూసి సరిచేయడం. వణుకుకు ఎక్కువగా మొదటిది, ఒకపక్క అరుగుదలకు, బండి పక్కకు లాగడానికి ఎక్కువగా రెండోది.

బ్యాలెన్సింగ్ చేసేటప్పుడు పక్కన నిలబడి చూడండి, అది మీ హక్కు. పాత ముక్కలన్నీ తీసేశాకే చక్రం ఎక్కించాలి. రిమ్ముకు లోపలా బయటా రెండువైపులా కొలవాలి. బయటివైపే ముక్క కొట్టి పంపితే ఎగురుడు తగ్గినా అటూఇటూ ఊగడం మిగులుతుంది. పని అయ్యాక మెషిన్ రెండువైపులా సున్నా చూపించాలి. అనుమానం ఉంటే చక్రాన్ని వదులు చేసి, అరచుట్టు తిప్పి, మళ్లీ బిగించి కొలవమనండి. ఈసారి లెక్క మారిపోతే చక్రం మెషిన్ నడిమధ్యన కూర్చోలేదని అర్థం. అంటే మొదటి కొలతా తప్పే.

చిన్న ట్రాలీ చక్రానికి మెషిన్ వంద గ్రాములకు పైగా అడుగుతుంటే ముక్కల మీద ముక్కలు కొట్టించుకోవద్దు. గాలి తీసి, టైరును రిమ్ము మీద అరచుట్టు తిప్పి వేసి మళ్లీ చూడమనండి. రిమ్ము బరువు, టైరు బరువు ఒకేచోట పడి ఉంటే అట్లా తిప్పితే సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే రిమ్ము వంకరో, టైరు లోపమో. పంచర్ పడకుండా టైరులో పోసే జెల్ కూడా ఒకచోట చేరి లెక్క తప్పిస్తుంది. పోసి ఉంటే షాపులో ముందే చెప్పండి.

కారు చక్రాలకు పెట్టిన మెషిన్లలో చాలావాటి మీద డీసీఎం చక్రం ఎక్కదు. లారీ చక్రాల మెషిన్ ఉన్నచోటికే తీసుకుపోవాలి.

టైరు మీద చెయ్యి పెట్టి చూడండి

చదునైన చోట బండి ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపాక ఈ పని చేయండి. అరిగిన టైరులోంచి తీగలు బయటికొచ్చి గుచ్చుకోవచ్చు. ముందు కళ్లతో చూసి, తర్వాతే చెయ్యి పెట్టండి.

రెండు అంచులూ అరిగి నడుమ బాగుంటే గాలి తక్కువతో గానీ, మోతకు మించిన లోడుతో గానీ నడిచింది. నడుమ అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువ. ఇవి దాదాపు అందరికీ తెలిసినవే.

తెలియనిది, ఎక్కువ నష్టం చేసేది ఇంకొకటి. అరచేతిని టైరు మీద అడ్డంగా, బయటి అంచు నుంచి లోపలికి, మళ్లీ లోపలి నుంచి బయటికి జరపండి. ఒకవైపు నున్నగా పోయి, తిరుగు దారిలో రంపం పళ్లలా గీరుకుంటుందా? అయితే మీ ముందు చక్రాలు టో తప్పాయి. అంటే రెండు చక్రాలూ నేరుగా చూడాల్సినంత నేరుగా చూడటం లేదు. టాటా ఏస్ చక్రాలకు రెండింటికీ కలిపి 3 మిల్లీమీటర్లు తేడా ఉందనుకుందాం. కంటికి తెలియని తేడా అది. అయినా బండి నడిచిన ప్రతి కిలోమీటరుకూ ఒక్కో టైరు దాదాపు 3 మీటర్లు రోడ్డు మీద అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు లెక్క. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగితే 300 మీటర్ల ఈడ్పు. ఏ కంపెనీ టైరైనా దీన్ని తట్టుకోలేదు.

గుంటలు గుంటలుగా, గిన్నె అంచుల్లా అరిగితే షాక్ అబ్జార్బర్, వీల్ బేరింగ్, కింగ్‌పిన్ చూపించాలి. ఎక్కువ రోజులు బ్యాలెన్స్ లేకుండా నడిచినా ఇట్లాగే అవుతుంది. ఒకేచోట చదునుగా అరిగితే బ్రేకు పట్టేసి చక్రం జారిన గుర్తు.

ఒకే అంచు లోతుగా పోతే చక్రం ఒరిగి నడుస్తోందని అనుమానించాలి. టాటా ఏస్‌కు ముందువైపు కూడా కమాన్ పట్టీల మీద కూర్చున్న గట్టి యాక్సిలే. అక్కడ అలైన్‌మెంట్ షాపువాళ్లు సరిచేయగలిగేది ప్రధానంగా టో మాత్రమే. యాక్సిల్ వంగినా, కింగ్‌పిన్ అరిగినా అలైన్‌మెంట్ మెషిన్ దాన్ని బాగుచేయదు. కాబట్టి వరస తప్పొద్దు: ముందు చక్రం లేపి కింగ్‌పిన్, టై రాడ్ ఎండ్, బేరింగ్ ఆడుతున్నాయేమో చూడాలి, ఆడేవి మార్చాలి, ఆ తర్వాతే అలైన్‌మెంట్. తిరగేసి చేస్తే అలైన్‌మెంట్ డబ్బు రెండుసార్లు కడతారు.

డీసీఎం వెనక జంట టైర్లు

జంటలో లోపలి టైరుకు గాలి చూడటం కష్టం కాబట్టి చాలామంది చూడరు. దానికి గాలి తగ్గితే బరువంతా బయటిదాని మీద పడుతుంది. లోపలిది మెత్తబడి, నలిగి, వేడెక్కుతుంది. టైరు పగిలేది ఎక్కువగా ఇట్లాగే. కొత్తదాని పక్కన బాగా అరిగినదాన్ని జత చేసినా అంతే. రెండూ ఒకే యాక్సిల్ మీద ఒకే వేగంతో తిరగాలి కాబట్టి చిన్నది రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. రెండింటి ఎత్తులో తేడా పావు అంగుళం దాటకుండా జత కట్టండి. కొత్తది ఒక్కటే కొంటే దాన్ని ముందుకు పంపి, ముందు నుంచి తీసిన దాంట్లో సరిపోయేదాన్ని వెనక జత చేయొచ్చు. కానీ ముందు రెండూ ఒకే రకం, ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. రబ్బరు ఎక్కించిన రీట్రెడ్ టైరును ముందు మాత్రం వేయకండి.

గాలి

పొద్దున బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో డోరు దగ్గరి స్టిక్కర్ మీదో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. ముందుకు ఒక లెక్క, లోడుతో వెనక్కి వేరే లెక్క ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం నడిచిన టైరులో గాలి పెరిగినట్టు గేజీ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే, చల్లారాక అది తక్కువ గాలి టైరు అవుతుంది. ఎండకు భయపడి గాలి తగ్గించి నడిపే అలవాటు మన దగ్గర బాగా ఉంది. వేడి పెరిగేది, టైరు పగిలేది ఆ అలవాటు వల్లే.

కొత్తది కొనక తప్పకపోతే

టైరు గీతల మధ్య అడుగున చిన్న అడ్డగట్లు ఉంటాయి. రబ్బరు ఆ గట్ల మట్టానికి వస్తే టైరు అయిపోయినట్టే. గూడ్స్ బండికి గీత లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదని మోటారు వాహనాల నిబంధన. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కదా, అక్కడా టైర్లు చూస్తారు.

కొనేటప్పుడు పక్కగోడ మీద నాలుగు అంకెలు చదవండి. 3523 అని ఉంటే 2023లో 35వ వారం తయారైంది. ఏళ్ల తరబడి గోడౌన్‌లో ఉన్నది తక్కువకు ఇస్తామన్నా ఆలోచించండి. టైరు ఎక్కించాక రిమ్ము అంచు వెంబడి టైరు మీద ఒక సన్నటి గీత కనిపిస్తుంది. అది రిమ్ముకు చుట్టూ ఒకే దూరంలో ఉండాలి. ఒకచోట లోపలికి పోయి ఉంటే టైరు సరిగా కూర్చోలేదు. అక్కడే గాలి తీసి మళ్లీ కూర్చోబెట్టించండి, లేకపోతే కొత్త టైరుతోనే వణుకు వస్తుంది.

జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు లేదని వంద రెండొందలు తగ్గిస్తే సంబరపడొద్దు. తయారీ లోపం ఉంటే టైరు కంపెనీ వారంటీ అడగడానికి ఆ కాగితమే ఆధారం. గాలి, అలైన్‌మెంట్ తప్పి అరిగినదానికి వారంటీ వర్తించదు. ఇన్సూరెన్స్ సంగతి కూడా తెలుసుకోండి: టైరు ఒక్కటే పగిలితే మామూలు ప్యాకేజీ పాలసీలో క్లెయిమ్ రాదు. ప్రమాదంలో బండితోపాటు టైరు కూడా పోతే, కొత్త టైరు ఖర్చులో సగం వరకే ఇస్తారు. బిల్లు, అలైన్‌మెంట్ ప్రింటు, అప్పటి కిలోమీటర్ల రీడింగ్ మూడూ కలిపి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. 10,000 కిలోమీటర్లకోసారి టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించేటప్పుడు ఆ రీడింగే లెక్క చెబుతుంది.